తూటాల బావమరిది

ఏ పనినైనా ముందొకసారి తప్పుగా చేస్తే తప్ప సరిగా చేయలేని మనిషి ఫోర్మన్‌గారి బావమరిది. చొక్కా తొడుక్కుంటే మొదటి గుండీ రెండో కాజాలోకి పోవాలి. గొడుగు తెరిస్తే ముందు తన మొహం మీదకే తెరవాలి. కాఫీలో పంచదార వేయమంటే ఉప్పు డబ్బా మూత తీసి, ఎదుటివాడు "అది ఉప్పు" అనేదాకా చెంచా పట్టుకుని నిలబడాలి. అన్న తరవాత "అవునా, మంచిమాట చెప్పారు" అని నవ్వి, అప్పుడు పంచదార వేస్తాడు. అరవై నిండిన మనిషి. పెళ్ళీ పెటాకులూ లేని ఒంటిమనిషి. ఇన్నేళ్ళు ప్రాణాలతో ఎలా నెగ్గుకొచ్చాడన్నది ఫోర్మన్‌గారికి అంతుపట్టని సంగతి. ఎందుకంటే, ఆయనకు తెలిసినంతలో, బావమరిది ఉద్యోగం వెలగబెట్టింది తుపాకీ తూటాలు చేసేచోట.

ఆ ముక్క ఆయన పెళ్ళినాడే తెలిసింది. బ్యాండు మేళం చెవులు బద్దలుకొడుతుంటే మామగారు కొడుకును ముందుకు నెట్టి, మావాడికి ఫలానా శాఖలో ఈమధ్యే ఉద్యోగమైందని చెప్పారు. అప్పటికే బాయిలర్ల హోరుకు సగం చెవులు సమర్పించుకున్న ఫోర్మన్‌గారికి మిగతాదేదీ వినబడలేదు గాని, "తూటాల శాఖ" అన్నమాట మాత్రం గంట కొట్టినట్టు వినబడింది. ఒక మాటను రెండోసారి అడగడం ఆయన వంట్లో లేదు. ఆ రోజు నుంచి ముప్ఫైఆరేళ్ళుగా, ఎవరు కనబడ్డా, మా బావమరిది తూటాల మనిషని చెబుతూ వచ్చారు.

ఒకసారి ఆ మనిషితోనే అన్నారు, మీ పనిలో ప్రమాదం జాస్తి అని. అడగలేదు, అన్నారు.

"వేళ్ళు కాపాడుకుంటే చాలు బావగారూ" అన్నాడు బావమరిది. "వేళ్ళు పోయాయా, ఇక చేసేదేం లేదు."

ఫోర్మన్‌గారు అతని చేతులకేసి చూసి వేళ్ళు లెక్కపెట్టారు. పదీ ఉన్నాయి. వెధవ అదృష్టవంతుడు అనుకున్నారు.

ఫోర్మన్‌గారిది అదృష్టం మీద ఆధారపడిన బతుకు కాదు. పల్లెలో ఒంటిగది బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఫ్యాక్టరీలో బొగ్గు తట్ట మోసే కూలీగా చేరి, ముగ్గురు ఇంజనీర్లు చేతులెత్తేసిన రెండో నంబరు బాయిలరును ఒక్కడూ దారికి తెచ్చి, నలభయ్యో ఏట ఫోర్మన్ అయిన మనిషి. ఆ తరవాతి ఇరవై ఏళ్ళలో ఒక్క వాల్వు కారలేదు. ఆవిరి చప్పుడు వినే ఎంత ప్రెషరుందో చెప్పేవారు. తరవాత మీటరు చూస్తే మీటరే తప్పయ్యేది. వీడ్కోలు సభలో ఇవన్నీ వరసగా చెప్పాలని నాలుగు కాగితాలు రాసుకుపోయారు. మొదటి కాగితం సగంలో ఉండగా వెనకబెంచీల వాళ్ళు భోజనాలకు లేచారు. రెండో కాగితం తీసేసరికి మైకు తీసేశారు. పైనెలలో బాయిలర్లు తుక్కు కింద పోయాయట. వాటి చోట బీరువా అంత పెట్టె ఒకటి వచ్చిందట. దాన్నొక అమ్మాయి కుర్చీలో కూర్చుని వేలికొసతో నడుపుతుందట. ఆ "అట" దగ్గరే ఆయన ప్రాణం చివుక్కుమనేది. వచ్చి చూసిపొమ్మని ఒక్కడూ పిలవలేదు.

ఆ ఏడే స్నానాలగదిలో జారి మోకాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గాని మనిషి అతుక్కోలేదు. రోజూ నడవకపోతే ఆ కాలు కర్రయిపోయి, ఏడాది రెండేళ్ళలో మంచానికి అంకితమైపోతారని ఎముకల డాక్టరు హెచ్చరించాడు.

"నడుస్తాను. ఎక్కడికి?" అన్నారు ఫోర్మన్‌గారు.

దానికి డాక్టరు దగ్గర మందు లేదు.

వెనక వసారాలో కుర్చీ వేయించుకుని, పొద్దున కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టేదాకా లేచేవారు కారు. ఎదురుగా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా కుప్పపోసిన పెరడు. ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు బస్తాలు, తుప్పు రేకులు, పగిలిన తొట్టి. గడ్డి కూడా ఆలోచించుకుని మొలిచే నేల. "చూశావా, నాకూ దానికీ జోడు కుదిరింది" అనేవారు భార్యతో. ఎవరైనా పలకరించడానికి వస్తే రెండో నంబరు బాయిలరు దగ్గర మొదలుపెట్టేవారు. వచ్చినవాళ్ళకు సరిగ్గా ఆ నిమిషానికే ఇంట్లో పని గుర్తొచ్చేది. ఏడాది గడిచేసరికి పలకరించేవాళ్ళూ తగ్గారు. రెండో ఏడు ఆయనే, లోకంలో మనుషులకు వినే జబ్బు నయమైపోయిందని తేల్చేసి, నోరు కట్టేసుకున్నారు.

అలాంటి ఇంటికి బావమరిది పెట్టె పట్టుకుని దిగాడు. తమ్ముడు రిటైరయ్యాడు, ఇక మనింట్లోనే ఉంటాడని భార్య చెప్పింది. తూటాలు కూడా నెత్తికెత్తుకోవాలా అని ఫోర్మన్‌గారు గోడతో అన్నారు.

మర్నాడు పొద్దున్నే బావమరిది పార పట్టుకుని పెరట్లోకి దిగాడు. ఇక్కడో తోట వేద్దామనుకుంటున్నానని చెప్పి, చెత్త ఎత్తకుండానే, ఇటుకముక్కల మధ్య చారెడు గుంత చేసి, జేబులోంచి మందార కొమ్మ తీసి నాటాడు.

ఫోర్మన్‌గారు చూస్తూ కూర్చున్నారు. నాకెందుకు అనుకున్నారు. రెండు నిమిషాలు ఓర్చారు.

"తలకిందులుగా పెట్టావు."

బావమరిది కొమ్మ పీకి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో తల ఏది బావగారూ?"

"కణుపు దగ్గర మొగ్గ ఉంటుంది చూడు. అది ఆకాశం చూడాలి."

"ఆకాశమా" అని తల ఊపి, మళ్ళీ తలకిందులుగానే గుచ్చాడు.

ఫోర్మన్‌గారు లేచారు. వసారా మెట్లు మూడు, అక్కణ్ణుంచి పదకొండు అడుగులు. వెళ్ళి కొమ్మ లాగి, సరిగా పెట్టి, మట్టి నొక్కి, "చెత్త ఎత్తకుండా మొక్క నాటేవాణ్ణి నిన్నే చూశాను" అని తిట్టి తిరిగొచ్చారు. రెండేళ్ళలో ఆయన ఒక్క బిగిన అంత నడవడం అదే మొదలు. ఆ సంగతి ఆయన గమనించలేదు. వంటింటి కిటికీలోంచి భార్య గమనించింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఇక రోజూ అదే వరస. చెత్త ఎత్తమంటే ఉత్తరం మూల నుంచి ఎత్తి దక్షిణం మూల పోసేవాడు. ఫోర్మన్‌గారు దిగి వెళ్ళి, బయటికి మోసే దారి గీత గీసి చూపించాల్సి వచ్చింది. మట్టి జల్లించమంటే జల్లెడలో నిలిచిన రాళ్ళు తెచ్చి మడిలో పోసి, రాలిన మట్టి పారబోయబోయాడు. గుమ్మడి గింజలు మూరెడు లోతున పాతాడు. మొలకెత్తడానికి నిచ్చెన వేస్తావా అని ఫోర్మన్‌గారు అడిగారు. మిట్టమధ్యాహ్నం మొక్కల నెత్తిన నీళ్ళు గుమ్మరించాడు. ఎండలో నీళ్ళు పోస్తే ఆకు ఉడుకుతుందని, ఒంటిగది బడిలో తమచేత కూరపాదులకు నీళ్ళు పోయించిన పంతులు ఏనాడో చెప్పాడని ఫోర్మన్‌గారు ఒక పూటంతా చెప్పారు. ప్రతిదానికీ బావమరిది "అవునా, మంచిమాట చెప్పారు" అనేవాడు. అని, ఇంకో తప్పు చేసేవాడు.

అన్నిటికన్నా ఘోరం ఎరువు. పచ్చిపేడ తెచ్చి నేరుగా టమాటా నారు మొదట్లో కుమ్మరించబోతుంటే, ఫోర్మన్‌గారు చేతికర్ర కూడా తీసుకోకుండా మెట్లు దిగారు.

"నారు చేత నిప్పుల్లో కాళ్ళు పెట్టించినట్టే. పేడను ముందు మగ్గనివ్వాలి."

"మగ్గడమంటే?"

"అదీ బాయిలరే" అన్నారు ఫోర్మన్‌గారు.

ఎండుటాకు ఒక వరస, కూరగాయల తొక్కు ఒక వరస, పేడ ఒక వరస, గాలి ఆడటానికి సందు, తడి చూసుకుని నీళ్ళు. నిప్పుగది నింపినట్టే నింపారు. రోజూ గునపం లోపలికి దింపి, తీసి, ఇనుము చేత్తో పట్టుకుని లోపలి వేడి చెప్పేవారు. ఐదోనాటి చలి పొద్దున కుప్ప మీంచి తెల్లగా ఆవిరి లేచింది. ఫోర్మన్‌గారు కదలకుండా చూశారు. తరవాత, ఏముంది, దీంతో ఒక బోల్టు కూడా తిరగదు అని గొణిగారు. కాని మర్నాడు మళ్ళీ అందరికన్నా ముందు వెళ్ళి చూశారు.

పని చేయిస్తూ ఊరికే ఉండలేక చరిత్ర మొదలుపెట్టేవారు. బొగ్గు తట్ట, ముగ్గురు ఇంజనీర్లు, రెండో నంబరు. బావమరిది పాదులు తవ్వుతూ వినేవాడు. చెప్పేది ఎక్కడ ఆగిపోతే సరిగ్గా అక్కడొక తప్పు చేసేవాడు, ఫోర్మన్‌గారు తిట్టి మళ్ళీ అందుకునేవారు. అలా మొదటి కాగితం అయింది, రెండోది అయింది, వానాకాలం మొదలయ్యేలోగా నాలుగో కాగితం ఆఖరి పంక్తి కూడా అయిపోయింది. అంతవరకు విన్న మొదటి మనిషి ఒక తూటాలవాడు కావడం ఏం బతుకని ఫోర్మన్‌గారికి చేదుగానే అనిపించింది. అయినా మర్నాడు మళ్ళీ మొదటి కాగితం అందుకున్నారు.

మిరపనారు మాత్రం ఫోర్మన్‌గారే స్వయంగా నాటించారు. బాయిలరు పలకకు రివిట్లు కొట్టినట్టు, జానెడుకొకటి, దారం పట్టి. వరస చూస్తే కళ్ళు చల్లబడ్డాయి. వారం తిరక్కుండానే వరసలో ఒకటి విడిచి ఒకటి మాయమైంది.

పురుగు కొట్టేసిందన్నాడు బావమరిది.

"ఒకటి విడిచి ఒకటి తినే పురుగా?"

"కొన్ని చాలా క్రమశిక్షణగా ఉంటాయి బావగారూ."

ఫోర్మన్‌గారు ఆ పురుగును మనసులో మెచ్చుకున్నారు. అంత క్రమశిక్షణ తన కింద పనిచేసిన మనుషుల్లోనే చూడలేదు. మిగిలిన మొక్కలు ఆ ఎడంలో గుబురుగా పెరిగి విరగకాశాయి. అదంతా దారం పట్టిన మహిమేనని ఆయన నిర్ణయించారు.

నాలుగు నెలలకు పెరడు పోల్చుకోలేనట్టయింది. పందిరి మీద గుమ్మడి, మడుల్లో పాలకూర, గోడవారన బెండ. తలకిందులు గండం గడిచిన మందార కూడా ఆకు వేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోర్మన్‌గారు ఆ మూలనుంచి ఈ మూలకు, ఈ మూలనుంచి ఆ మూలకు తప్పులు పట్టుకుంటూ తిరుగుతున్నారు. ఎముకల డాక్టరు మోకాలు వంచి చూసి, ఏ మందు వాడారని అడిగాడు. గోడ అవతల దారినపోయేవాళ్ళను నిలబెట్టి మరీ, తూటాల మనిషి చేత తోట వేయించాను, నా ఘనతల్లో ఇది ఐదో కాగితం అని చెబుతున్నారు.

అలాంటి ఒక పొద్దున గుమ్మం ముందు బండి ఆగింది. నడివయసు అధికారిణి ఒకావిడ దిగింది. చేతిలో మట్టిముద్దతో సహా చిన్న నిమ్మమొక్క. సార్ ఉన్నారా అని అడిగింది. ఈ ఇంట్లో సార్ అంటే తానే కనక, ఫోర్మన్‌గారు ఆవిణ్ణి పెరట్లోకి తీసుకువెళ్ళి, మడి మడికీ ఆపి, ఏది ఎవరు ఎలా తప్పు చేస్తే తాను ఎలా దిద్దారో చెప్పుకొచ్చారు. ఆవిడ ఓపిగ్గా వింది. మందార తలకిందులు కథ దగ్గర చిన్నగా నవ్వింది.

"మాకూ సార్ అలాగే నేర్పారండీ. ముందు తప్పుగా నాటేవారు. మేం పట్టుకుని దిద్దేదాకా రెండో మొక్క ముట్టనిచ్చేవారు కాదు. చెబితే మర్చిపోతారు, దిద్దితే మర్చిపోరు అనేవారు."

"ఏ సార్?"

ఆవిడ పందిరి వైపు చూపించింది. బావమరిది గుమ్మడితీగ వెనక ఏదో కడుతున్నట్టు వంగి ఉన్నాడు. ఎంతకీ పైకి లేవడం లేదు.

"మీది ఏ శాఖ?" అన్నారు ఫోర్మన్‌గారు.

"తోటల శాఖండీ."

"తూటాల శాఖ."

"కాదండీ, తోటలు. మొక్కలు, పాదులు, అంట్లు కట్టడం. సార్ ముప్ఫైఆరేళ్ళు అక్కడే కదా. సార్ పెంచిన నిమ్మతోట ఒకటుండేది. పోయినేడు కొట్టేసి బళ్ళు నిలిపే జాగా చేశారు. ఆఖరి చెట్టు నుంచి నేనొక అంటు కట్టి దాచాను. సార్ మళ్ళీ తోట వేస్తున్నారని విని తెచ్చాను."

ఫోర్మన్‌గారికి ఒకటి విడిచి ఒకటి తినే పురుగు గుర్తుకొచ్చింది. ఆ వెంటనే వేళ్ళు గుర్తుకొచ్చాయి. మనిషి వేళ్ళు కావు, మొక్క వేళ్ళు. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళాక భార్య మీద విరుచుకుపడ్డారు. అక్కా తమ్ముడూ కలిసి తనను బడిపిల్లాణ్ణి చేశారని, కాలు విరిగినవాడని జాలిపడి నాటకమాడారని, ఒకప్పుడు బాయిలరు గది మొత్తం తన కనుసైగకు నడిచేదని అన్నారు.

భార్య చెయ్యి తుడుచుకుంది. "నేనే రమ్మన్నాను. మీ బావగారు మంచి చెబితే వినరు, తప్పు కనిపిస్తే ఊరుకోరు అన్నాను. అయితే అది నాకు చేతనైన పనే అక్కా అన్నాడు."

"అసలు వాడి ఉద్యోగం తోటల్లో అని నాకు చెప్పొచ్చుగా?"

"ముప్ఫైఆరేళ్ళలో వాణ్ణి ఏం చేస్తున్నావని మీరొక్కసారి అడిగారా?"

"అడక్కపోతే చెప్పకూడదా?"

"చెప్పడానికి సందేదీ?" అంది ఆవిడ.

ఫోర్మన్‌గారు వీధివైపు గదిలో తలుపేసుకున్నారు. అక్కణ్ణుంచి తోట కనబడదు. ఒకరోజు గడిచింది. అవమానాలన్నీ వరసగా పేర్చుకున్నారు. భోజనాలకు లేచిన వెనకబెంచీలు, తీసేసిన మైకు, వేలికొసతో నడిచే పెట్టె, ఇప్పుడు ఇది. రెండోనాడు బావమరిది వచ్చి బతిమాలతాడని చూశారు. రాలేదు. మూడోనాడు పక్కమీంచి లేవబోతే మోకాలు వంగలేదు. గోడ పట్టుకుని, మంచంకోడు పట్టుకుని, చెమటలు పోసుకుంటూ లేచారు. డాక్టరు చెప్పినట్టే ఆ కాలు మూడంటే మూడురోజుల్లో మళ్ళీ కర్రయిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాలుగోనాటి పొద్దున మంచినీళ్ళ వంకతో, గోడ పట్టుకుంటూ, వెనక వసారాలోకి వచ్చారు.

బావమరిది నిమ్మ అంటు నాటుతున్నాడు. గుంత నాలుగు పలకలుగా తీసినట్టుంది. పైమట్టి ఒకవైపు, అడుగుమట్టి ఒకవైపు వేరుగా పోసి ఉంది. మగ్గిన ఎరువు కలిపి ఉంది. గుంత మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టి, ఎత్తు చూసుకుని, మొక్కను రెండు చేతులతో దింపాడు. ఫోర్మన్‌గారు అలవాటుగా తప్పుకోసం వెతికారు. ఎక్కడా లేదు. ఆ చేతులు కొత్తవాడి చేతులు కావు. వాటిని ఇన్నాళ్ళూ చూస్తూ పది వేళ్ళూ లెక్కపెట్టారే గాని, ఇంకేం చూడలేదు. తప్పులేని తోటలో తనకేం పని అనిపించింది. లోపలికి పోదామని తిరిగి, పోలేక, మూడు మెట్లూ ఒక్కొక్కటే దిగి, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారు.

"లోతు చాలదు. అంటు కట్టిన చోటు పైకి కనిపిస్తోంది."

"కనిపించాలి బావగారూ" అన్నాడు బావమరిది, తల ఎత్తకుండానే. "అది మట్టిలోకి పోతే కుళ్ళిపోతుంది."

నాలుగు నెలల్లో ఆయన మాటకు అతను అడ్డు చెప్పడం అదే మొదలు. "మంచిమాట" అనలేదు. నవ్వనూ లేదు. మట్టి నొక్కడం పూర్తయ్యాక, నేల మీదకే చూస్తూ అన్నాడు:

"మిమ్మల్ని ఎలాగైనా మెట్లు దింపాలనే ఉంది. కాని దీన్ని మాత్రం తప్పుగా నాటలేను."

ఫోర్మన్‌గారి నోటిదాకా చాలా వచ్చాయి. బాయిలరు గది వచ్చింది, ముగ్గురు ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళందరినీ వెనక్కి తోసి, ఒక్క మాట బయటికి వచ్చింది.

"ఎందుకని?"

ముప్ఫైఆరేళ్ళు ఆలస్యమైనా ప్రశ్నే.

బావమరిది మడమల మీద కూర్చుని, చేతులు దులుపుకుని, చెప్పడం మొదలుపెట్టాడు. నిమ్మతోట సంగతి చెప్పాలంటే అంటు కట్టడం ఎలా వచ్చిందో చెప్పాలట. అది చెప్పాలంటే కత్తి పట్టడం నేర్పిన ముసలి తోటమాలి సంగతి చెప్పాలట. అతని సంగతి తెలియాలంటే తన చిన్నప్పటి నుంచీ రావాలట. గొప్పలు చెప్పుకోవడంలో అతను ఎవరికీ తీసిపోడని పావుగంటలో తేలిపోయింది. పైగా కాగితాల మీద రాసుకున్నది కాదు కనక అంతూ లేదు. తొమ్మిదో తరగతిలో తాను కట్టిన అంటుకు జిల్లాకంతటికీ మొదటి బహుమతి వచ్చిందన్నాడు. తాను మొక్కను చూడకుండా, ఆకు నలిపి వాసనచూసి రకం చెప్పేవాణ్ణన్నాడు. మీటరే తప్పయ్యేది అన్నమాట ఫోర్మన్‌గారి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశారు. వినడం ఇంత కష్టమైన పని అని ఆయనకు అంతకుముందు తెలియదు. వెనకబెంచీల వాళ్ళను జీవితంలో మొదటిసారి కాస్త క్షమించారు.

ఎండ నడినెత్తికి వచ్చింది. భార్య లోపల్నుంచి భోజనానికి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి వసారాలోకే వచ్చి చూసింది. పొద్దుట గోడ పట్టుకుని వెళ్ళిన మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. గుంజ మీద చెయ్యి కూడా లేదు. అది చెవి వెనక అడ్డంగా ఉంది.

కూర చల్లారిపోతోందంది.

"ఉండవే" అన్నారు ఫోర్మన్‌గారు, వెనక్కి తిరక్కుండానే. "వీడికింకా ఉద్యోగమే రాలేదు."